నీళ్లలో కొండ పొట్టిగా ఎందుకు పడింది?

ఈసారి మీరు పంపిన ప్రశ్నల్లో సగానికి పైగా నీళ్లలో పడే నీడల గురించే ఉన్నాయి. సరస్సు కావచ్చు, చెరువు కావచ్చు, వాన వెలిశాక నిలిచిన గుంట కావచ్చు, అందరూ చెప్పేది దాదాపు ఒకటే: కళ్ల ముందు అంత బాగా కనపడింది ఫొటోలో రాలేదని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈ శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సరస్సు ఒడ్డున నిలబడి ఎదురుగా ఉన్న కొండనీ, నీళ్లలో దాని ప్రతిబింబాన్నీ కలిపి తీశాను. గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అయినా పైనున్న కొండ పెద్దగా, నీళ్లలో కొండ పొట్టిగా వచ్చింది, పైగా నల్లబడింది కూడా. ఇది లెన్స్ లోపమా? కొత్తది కొనమంటారా?

జవాబు: కొనకండి. లెన్స్ తప్పేమీ లేదు, మీరు నిలబడ్డ ఎత్తులోనే ఉంది విషయమంతా.

నీళ్లలో కనపడేది పైనున్న దృశ్యానికి జిరాక్స్ కాపీ అని మనం అనుకుంటాం. కాదండీ, అది వేరే చోటు నుంచి చూసిన ఇంకో దృశ్యం. మీ కెమెరా నీటికి ఎంత ఎత్తున ఉందో సరిగ్గా అంతే లోతున, నీటి అడుగున ఇంకో కెమెరా ఉందనుకోండి. అక్కడి నుంచి పైకి చూస్తే ఏం కనపడుతుందో అదే మీకు నీళ్లలో తలకిందులుగా కనపడుతుంది. ఒడ్డున నిలబడి చూస్తే వంతెన పక్క గోడ మాత్రమే కనపడుతుంది, కానీ నీళ్లలో దాని అడుగుభాగం, అక్కడి పగుళ్లు, పక్షుల గూళ్లు అన్నీ కనపడతాయి. ఎప్పుడైనా గమనించారా? పైన లేనిది కింద ఉందంటే కారణం ఇదే.

ఇప్పుడు మీ కొండ సంగతి. లెక్క తేలిగ్గా ఉండేందుకు చెట్టుతో చెప్తాను. అవతలి గట్టు మీకు 50 మీటర్ల దూరంలో ఉంది, ఆ గట్టు వెనక ఇంకో 50 మీటర్లకి చదునైన నేల మీద 10 మీటర్ల చెట్టు ఉంది అనుకుందాం. మీరు నిలబడి, కెమెరా నీటికి ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే, గట్టు గీత నుంచి పైన చెట్టు కొస దాకా ఉన్న ఎత్తుతో పోలిస్తే కింద ప్రతిబింబం నాలుగింట మూడొంతులే ఉంటుంది. మిగతా ఒక వంతు గట్టు మింగేసింది. అదే కెమెరాను 20 సెంటీమీటర్ల ఎత్తుకి, అంటే జానెడుకి దించారనుకోండి, ప్రతిబింబం నూటికి 96 వంతులు వచ్చేస్తుంది. తిరగేసి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది: అదే చోట మీరు 10 మీటర్ల ఎత్తు ఎక్కి తీస్తే నీళ్లలో చెట్టు అసలు కనపడదు, ఒక్క ఆకు కూడా. మంచి వ్యూ కోసం ఎత్తుకి ఎక్కినవాళ్లు ప్రతిబింబం ఏమైందా అని వెతుక్కోవడం నేను చాలాసార్లు చూశాను. పైనుంచి చూస్తే సరస్సు మొత్తం కనపడుతుంది, నిజమే, కానీ అందులో ఆకాశమే ఎక్కువ ఉంటుంది.

నల్లబడటం కూడా ఈ ఎత్తుతోనే ముడిపడింది. నీళ్లు ఎంత వెలుతురును వెనక్కి పంపుతాయన్నది మీరు ఏ కోణంలో చూస్తున్నారనే దాన్ని బట్టి ఉంటుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తే వెనక్కి వచ్చేది నూటికి 2 వంతులే, మిగతాది లోపలికి దిగిపోతుంది. నీటి మట్టానికి 30 డిగ్రీల కోణంలో చూస్తే 6 వంతులు. 10 డిగ్రీలకి వచ్చేసరికి ఒక్కసారిగా 35 వంతులు, 5 డిగ్రీలకి సగం కంటే ఎక్కువే. అంటే మీ చూపు నీళ్లను ఎంత రాసుకుంటూ వెళ్తే ప్రతిబింబం అంత కాంతిగా వస్తుంది. ఇంకో సంగతి, ఎంత వంగినా ప్రతిబింబం అసలు దృశ్యం కన్నా కొంచెం ముదురుగానే ఉంటుంది. ఆకాశం విషయంలో ఒక స్టాప్, ఒకటిన్నర స్టాపు తేడా మామూలే (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం). ఎడిటింగ్‌లో కింద సగాన్ని లాగి లాగి పైదానికి సమానం చేస్తే, లేదా ఇంకా ఎక్కువ చేస్తే, చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని పట్టేస్తారు. కొంచెం ముదురుగానే ఉండనివ్వండి.

కాబట్టి చేయాల్సింది ఇది. కెమెరా బ్యాగులోంచి తీయకముందే ఒడ్డున నిలబడి చూడండి, తర్వాత గొంతుక్కూర్చుని చూడండి, తర్వాత మోకాళ్ల మీదకి వంగి తల నీళ్ల దగ్గరికి తెచ్చి చూడండి. ప్రతి మెట్టులో కింద కొండ ఎదగడం కళ్లారా కనపడుతుంది. ఎక్కడ నచ్చిందో అక్కడ ట్రైపాడ్ కాళ్లు పరవండి. ఎప్పుడూ అట్టడుగుకే వెళ్లాలని కాదు, దాని వల్ల వచ్చే ఇబ్బంది కింద ఇంకో జవాబులో చెప్తాను.

ప్రశ్న: గట్టు గీత ఫ్రేమ్‌కి సరిగ్గా మధ్యలో పెడితే ఫొటో రెండు ముక్కలైపోతుందని, పైనో కిందో మూడో వంతు దగ్గర పెట్టాలని నేర్పారు. కానీ ప్రతిబింబాల ఫొటోలు చాలావాటిలో మధ్యలోనే ఉంటుంది. ఏది పాటించాలి?

జవాబు: ఒక చిన్న పరీక్ష ఉంది. కెమెరా స్క్రీన్ మీద పై సగాన్ని అరచేత్తో మూసి కింద సగాన్ని మాత్రమే చూడండి. అది తనంతట తాను ఫొటోలా నిలబడుతోందా? తర్వాత కింద మూసి పైన చూడండి. రెండూ నిలబడితే మధ్యలో పెట్టేయండి, ఏ బెంగా అక్కర్లేదు. అలాంటి చోట రెండు సగాలూ కలిసి చేసే ఆకారమే ఫొటో, దాన్ని మూడో వంతుకి జరిపితే ఆ ఆకారం తెగిపోతుంది.

ఆ ఆకారం అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ మంది చూడకుండా వదిలేసేది దాన్నే. తీసిన ఫొటోను పక్కకి తిప్పి, గట్టు గీత నిలువుగా వచ్చేలా పట్టుకుని చూడండి. కొండా దాని ప్రతిబింబమూ కలిసి ఒకటే వస్తువైపోతాయి. ఒక చివర సన్నబడే గట్టు అయితే బల్లెం మొనలా కనపడుతుంది, వరస చెట్లయితే ఈకలా, గుండ్రటి గుట్ట అయితే కోడిగుడ్డులా. ఆ మొన ఫ్రేమ్‌లో ఎటు చూపిస్తుందో చూసేవాళ్ల కన్ను అటే పోతుంది. అది కుడి అంచు నుంచి బయటికి చూపిస్తోందంటే కన్ను కూడా అక్కడి నుంచే బయటికి వెళ్లిపోతుంది. అలాంటప్పుడు నాలుగడుగులు పక్కకి నడిచి, ఆ మొన ఫ్రేమ్ లోపలే ముగిసేలా, దాని ముందు కాస్త ఖాళీ నీళ్లు మిగిలేలా చూసుకోండి. నేను ఒడ్డున గడిపే సమయంలో ఎక్కువ భాగం ఈ నాలుగడుగులకే పోతుంది.

రెండు సగాలూ సమానంగా లేకపోతే మాత్రం ఏది బాగుందో దానికి చోటు ఇవ్వండి. ఒడ్డు దగ్గర నీళ్లలో మంచి రాళ్లో, తేలుతున్న ఆకులో ఉంటే గీతను పైకి జరపండి. మేఘాలు చెదిరి అందంగా ఉండి నీళ్లు కలతగా ఉంటే కిందికి. పైన వట్టి తెల్ల ఆకాశం, కింద ముదురు రంగుల్లో స్పష్టమైన నీడ ఉంటే ఆకాశాన్ని పూర్తిగా వదిలేసి నీళ్లు మాత్రమే తీసినా తప్పులేదు. నాకైతే గట్టు గీత పైన సన్నటి పట్టీలా మిగిలి, మిగతాదంతా నీళ్లే ఉన్న ఫొటోలు చాలా ఇష్టం.

మధ్యలో పెట్టినా, పైన పెట్టినా, కిందున్న శిఖరం కొసను మాత్రం తెంచకండి. పైన శిఖరానికి, అంచుకి మధ్య ఎంత ఖాళీ వదిలారో కింద కొసకీ కనీసం అంత వదలండి. నాకు వచ్చే ఫొటోల్లో అన్నిటికన్నా ఎక్కువ కనపడే పొరపాటు ఇదే: పైన కొండ నిండుగా ఉంటుంది, కింద దాని తల తెగి ఉంటుంది. అడ్డ ఫ్రేమ్‌లో పట్టకపోతే నిలువు ఫ్రేమ్ తీయండి.

ప్రశ్న: కెమెరాలో లెవెల్ గీత సరిగ్గానే చూపించింది. కానీ అవతలి ఒడ్డు ఒక పక్కకి వాలి ఉంది. ఎడిటింగ్‌లో ఒడ్డును సమం చేస్తే ఇంకా వింతగా తయారైంది. ఎందుకు?

జవాబు: లెవెల్ చెప్పిందే నిజం. అవతలి ఒడ్డు మీకు అడ్డంగా లేదు, ఒక చివర దగ్గరగా, ఇంకో చివర దూరంగా ఉంది. దగ్గరగా ఉన్న చివర ఫ్రేమ్‌లో కిందికి, దూరంగా ఉన్నది పైకి కనపడుతుంది. దాన్ని బలవంతంగా సమం చేస్తే నీళ్లే వాలిపోతాయి.

ప్రతిబింబాల ఫొటోకి ఒడ్డు కన్నా నమ్మకమైన తూకం ఒకటుంది. కొండ కొస, నీళ్లలో దాని కొస, ఈ రెండూ ఎప్పుడూ ఒకే నిలువు గీత మీద ఉండాలి. ఫ్రేమ్ మధ్య ప్రాంతంలో ఉన్న ఏదో ఒక కొసను, చెట్టు చిగురో, స్తంభమో పట్టుకుని దాన్నీ, దాని ప్రతిబింబాన్నీ కలుపుతూ గీత ఊహించుకోండి. ఆ గీత నిలువుగా ఉంటే ఫొటో సమంగా ఉన్నట్టే, ఒడ్డు ఎలా వాలినా సరే. అంచుల దగ్గరున్న కొసలతో చూడకండి, వైడ్ లెన్స్‌ని కిందికో పైకో వంచి తీసినప్పుడు అక్కడి నిలువు గీతలు ఒరుగుతాయి.

ప్రశ్న: ఎప్పుడు వెళ్లినా గాలి ఉంటోంది, ప్రతిబింబం చెదిరిపోతోంది. తెల్లవారుజామునే వెళ్లాలా? వేరే దారి ఉందా?

జవాబు: తెల్లవారుజామే మేలు. రాత్రంతా నేల, దాని మీది గాలి చల్లబడి, ఆ చల్లగాలి బరువుగా కింద పరుచుకుని ఉంటుంది, పైన వీచే గాలి దాన్ని అంత సులువుగా కదపలేదు. పొద్దెక్కి నేల వేడెక్కడం మొదలైతే ఆ పొర చెదిరి గాలి కలియబడుతుంది. అందుకే సూర్యుడు రావడానికి అరగంట ముందే అక్కడ ఉండాలి, వచ్చాక ఒక గంట దాటితే చాలా చోట్ల నీళ్లు కదలడం మొదలవుతుంది. ఆ వేళలో ఇంకో లాభం ఉంది: ఎదుటి కొండ మీద ఎండ పడి, మీ ముందున్న నీళ్లు ఇంకా నీడలోనే ఉన్నప్పుడు ప్రతిబింబం రంగు చిక్కగా వస్తుంది. ఎండ నేరుగా నీళ్ల మీద పడితే నీళ్లలోని మట్టి, నాచు వెలిగి ఆ రంగును పలుచన చేసేస్తాయి.

గాలి ఉంటే అది వచ్చే వైపు ఒడ్డుకి వెళ్లండి, ఆ గట్టూ చెట్లూ అడ్డుపడి దాని కిందే నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. ఎదురొడ్డున మాత్రం అలలే ఉంటాయి. కెమెరాను కిందికి దించినా పని జరుగుతుంది: పైన చెప్పిన చెట్టు లెక్కలో నిలబడి తీస్తే చెట్టు కొస ప్రతిబింబం మీకు 13 మీటర్ల దూరంలోని నీళ్ల మీద పడుతుంది, జానెడు ఎత్తున తీస్తే 2 మీటర్ల దూరంలోనే. అంటే మీ కాళ్ల ముందు రెండు బారల నీళ్లు ప్రశాంతంగా దొరికినా కనీసం చెట్టు తల బాగా వస్తుంది.

చిన్న చిన్న అలలను చూసి టెన్షన్ పడకండి, వాటికీ ఒక పద్ధతి ఉంది. అలల మీద ప్రతిబింబం నిలువుగా సాగుతుంది, అడ్డంగా పెద్దగా సాగదు. అందుకే నీళ్లు కదులుతున్నా చెట్ల మొదళ్లు, స్తంభాలు, దీపాల వెలుగు పొడుగు చారలుగా నిలిచే ఉంటాయి, మేఘాల అంచులు, కొండల వరస లాంటి అడ్డగీతలు మాత్రం కరిగిపోతాయి. గాలి ఉన్న రోజు కొండను వదిలేసి నిలువు వస్తువుల కోసం వెతకండి.

షట్టర్ కూడా ఉంది చేతిలో. లెన్స్ ముందు పెట్టే నల్లటి గాజు, అంటే 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, వెలుతురును సుమారు వెయ్యో వంతుకి తగ్గిస్తుంది, 1/60 సెకను ఎక్స్‌పోజర్ 17 సెకన్లవుతుంది. ఆ 17 సెకన్లలో అలలన్నీ కలిసిపోయి నీళ్లు పాలమీగడలా మారతాయి, ప్రతిబింబం రంగుల మరకలా మెత్తగా మిగులుతుంది. కొందరికి అది నచ్చుతుంది. నా మట్టుకు అర సెకను నుంచి రెండు సెకన్ల మధ్య ఆపడం ఇష్టం, ఆకారమూ కొంత మిగులుతుంది, నీళ్లు నీళ్లలానే ఉంటాయి. మీరు ఒకే చోట నాలుగు వేగాల్లో తీసి చూసుకోండి.

ఇంకో మాట. నీళ్లలో కాలు పెట్టకండి. ఒక్క అడుగు వేస్తే వచ్చే వలయాలు అవతలి దాకా పాకి సద్దుమణగడానికి చాలాసేపు పడుతుంది, పక్కన ఇంకో ఫొటోగ్రాఫర్ ఉంటే వాళ్ల ఉదయం కూడా పోతుంది.

ప్రశ్న: పోలరైజర్ ఫిల్టర్ వేస్తే ప్రతిబింబం మాయమైపోతోంది. ప్రతిబింబాల ఫొటోకి అది తీసేయాలా?

జవాబు: తీయకపోయినా ఫర్వాలేదు, కానీ తిప్పి చూడాలి. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూస్తున్నప్పుడు పోలరైజర్ ప్రతిబింబాన్ని దాదాపు పూర్తిగా తుడిచేయగలదు. ఈ కోణం వెనక ఉన్న సూత్రాన్ని డేవిడ్ బ్రూస్టర్ 1815లో చెప్పారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మాయమైన దగ్గర నుంచి ఫిల్టర్‌ను సరిగ్గా 90 డిగ్రీలు తిప్పితే ప్రతిబింబం తిరిగి వచ్చేస్తుంది, నీటి అడుగు నుంచి వచ్చే వెలుతురు కొంత తగ్గి ఇంకాస్త చిక్కగా కూడా ఉంటుంది. నేను ఎక్కువగా మధ్యలో ఆపుతాను: ముందున్న నీళ్లలో గులకరాళ్లు కనపడుతూ, దూరంగా కొండ నీడ నిలిచేలా. చూపు కోణం దగ్గర ఎక్కువ, దూరంలో తక్కువ కాబట్టి ఒకే ఫ్రేమ్‌లో రెండూ దొరుకుతాయి. వెలుతురు ఒకటిన్నర, రెండు స్టాపులు పోతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఫోకస్ నీటి మీద పెట్టాలా, కొండ మీద పెట్టాలా?

జవాబు: కొండ మీద. ప్రతిబింబం నీటి పైపొర మీద అతికించిన బొమ్మ కాదు, కెమెరా నుంచి నీటికి, అక్కడి నుంచి కొండకి ఉన్న మొత్తం దూరం దానిది. ఆటో ఫోకస్ తేలుతున్న ఆకును పట్టుకుంటే కొండ నీడ మసకేస్తుంది. రెండూ కావాలంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో, ఎఫ్/11 అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం సైజు) దగ్గర, 1.8 మీటర్ల దూరాన ఫోకస్ పెడితే సుమారు 90 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా సరిపడా స్పష్టంగా వస్తుంది.

ప్రశ్న: మీరు చెప్పినట్టే బాగా కిందికి వంగి తీసిన ఫొటో జత చేశాను. కొండ నీడ పూర్తిగా వచ్చింది, కానీ ఫొటో ఇరుకుగా అనిపిస్తోంది. ఏం తప్పు చేశాను?

జవాబు: ఫొటో చూశాను, వెలుతురు చాలా బాగా దొరికింది మీకు. ఎడమవైపు కింద నీళ్లలోంచి పైకి తేలిన నల్ల రాయి ఉంది కదా, తడిసి మెరుస్తోంది, దాని చుట్టూ సన్నటి తెల్లటి అంచు కూడా ఉంది. ఆ రాయి నెత్తి సరిగ్గా నీళ్లలోని శిఖరం కొసకి ఆనుకుంది. రాయి కొండను పొడుస్తున్నట్టు ఉంది. దాని పక్కనే ఉన్న మూడు చిన్న రాళ్లు కూడా ఒకదాని మీద ఒకటి పడి ఒకే ముద్దలా కలిసిపోయాయి. ఇరుకు అక్కడి నుంచే వస్తోంది.

అట్టడుగుకి దిగితే వచ్చే ఇబ్బంది ఇదే. కెమెరా నీళ్లకి ఆనుకుని ఉంటే దగ్గరి వస్తువుల మధ్య ఉన్న నీళ్లు కనపడవు, అన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. మీరు కెమెరాను ఇంకో జానెడు ఎత్తి ఉంటే సరిపోయేది. ఎత్తినకొద్దీ దగ్గరున్న రాళ్లు ఫ్రేమ్‌లో కిందికి గబగబా జారతాయి, ఎక్కడో దూరాన ఉన్న కొండ ప్రతిబింబం మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఆ రెండింటి మధ్య వేలెడు నీళ్లు తెరుచుకోగానే ఆగాలి. పక్కకి జరిగినా ఇదే జరుగుతుంది: కుడికి ఒక అడుగు వేస్తే రాయి ఎడమకి పోతుంది, కొండ కదలదు. అంటే ముందు కెమెరాను దించి కొండను పెంచుకోవడం, తర్వాత రాళ్లు విడిపోయేదాకా కొంచెం కొంచెం ఎత్తడం. మీ సరస్సు వెడల్పుగా ఉంది కాబట్టి ఆ జానెడుకి కొండ తగ్గేది చాలా తక్కువ, ఒడ్డు దగ్గరగా ఉండే చిన్న మడుగులో అయితే ఇంత వెసులుబాటు ఉండదు.

ప్రశ్న: నా దగ్గర కెమెరా లేదు, ఫోనే. వాన నీటి గుంటల్లో ప్రతిబింబాలు తీయాలని ఉంది. వీలవుతుందా?

జవాబు: గుంటలకి ఫోనే హాయి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకోండి, అప్పుడు లెన్స్ కింది అంచుకి వస్తుంది, నీటికి రెండు మూడు వేళ్ల ఎత్తు దాకా దించవచ్చు. పెద్ద కెమెరాతో అంత కిందికి వెళ్లడం కష్టం. ఆ ఎత్తు నుంచి ఒక మీటరు గుంట కూడా సరస్సులా పరుచుకుంటుంది, 10 మీటర్ల చెట్టు అందులో ఇమిడిపోతుంది.

లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడిచి మొదలుపెట్టండి, వేలి మరక ఉంటే ఆకాశం పొగబారుతుంది. స్క్రీన్ మీద ఆకాశం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి, తర్వాత వెలుతురును కొంచెం కిందికి లాగండి. హెచ్‌డీఆర్ (వెలుగునీ చీకటినీ సర్దే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఫోన్ నీళ్లలోని ముదురును తనంతట తనే పైకి లేపేస్తుంది, అలా లేపితే ఫొటో తేడాగా కనపడుతుందని మొదటి జవాబులోనే చెప్పాను, కాబట్టి అది ఆపి ఒకటి, ఉంచి ఒకటి తీసి పోల్చుకోండి. తీశాక ఫొటోను పెద్దది చేసి మధ్యలోని చెట్టు కొసనీ, నీళ్లలో దాని కొసనీ చూడండి, ఎందుకంటే ఫోన్‌ను తలకిందులుగా పట్టుకున్నప్పుడు చెయ్యి ఒక పక్కకి ఒరిగిపోవడం మామూలే.